అద్దె ఫ్లాట్‌లో ఇంటి నెట్‌వర్క్: కొత్త రౌటరు కన్నా ముందు ఒక కేబులు

బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం వైపు అపార్ట్‌మెంట్లలో నెట్ పెట్టేవాళ్లు వచ్చి, ప్లగ్గు దొరికినచోట, అంటే తలుపు పక్కనో టీవీ వెనకో, డబ్బా (రౌటరు) బిగించి వెళ్లిపోతారు. ఆఫీసు పని నడిచేదేమో చివరి బెడ్రూంలో. మధ్యలో రెండు గోడలు, ఒక ఇనప బీరువా. సిగ్నల్ అందకపోతే నాలుగు యాంటెన్నాల రౌటరు కొనేస్తుంటారు గానీ, బీరువా ముందు అన్ని యాంటెన్నాలూ ఒకటే. హాల్లోంచి ఆ గదికి ఒక కేబులు లాగి, అక్కడ మామూలు రౌటరు ఒకటి పెడితే ఖర్చూ తక్కువ, మీటింగు మధ్యలో మాట తెగడమూ ఉండదు. డెస్క్‌టాప్, టీవీ లాంటి కదలనివాటిని కేబులుకి తగిలించి, వైఫైని ఫోన్లకీ ల్యాప్‌టాప్‌లకీ వదిలేయాలి.

ముందు టేపు పట్టి కొలవండి. గోడ వెంట, గుమ్మం పైనుంచి తిప్పుకొస్తే ఎనిమిది మీటర్ల దూరం పదిహేను అవుతుంది. రెండు చివరలా మీటరు చొప్పున కలుపుకోండి. ఒక లైను 100 మీటర్ల దాకా పోవచ్చు కాబట్టి ఫ్లాట్‌లో పొడవు సమస్య కాదు.

టౌన్‌హాల్ దగ్గర ఎస్పీ రోడ్డులో క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబులు మీటర్ల లెక్కన దొరుకుతుంది. మోసం జరిగేది ఇక్కడే. చవగ్గా ఇచ్చేవాటిలో అల్యూమినియం తీగ మీద రాగి పూత ఉంటుంది. తీగ కొసని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరిసిందంటే అదే. వంచితే తొందరగా విరుగుతుంది, కేబులు ద్వారానే కరెంటు తీసుకునే కెమెరాలు పెడితే వేడెక్కుతుంది. పూర్తి రాగి తీగే అడగండి. దాంతోపాటు క్యాట్ 6కి సరిపడే ఆర్‌జే 45 కనెక్టర్లు పది (కేబులు కొసకి బిగించే ప్లగ్గులివి; రెండే కావాలి, మొదట్లో కొన్ని పాడవుతాయి), వాటిని నొక్కి బిగించే క్రింపింగ్ టూల్, చిన్న కేబుల్ టెస్టర్, కేబుల్ని కప్పే పీవీసీ కేసింగ్. గోడకి కంతలు పెడితే ఓనరు అడ్వాన్సులో ఎంత కోస్తాడో తెలిసిందే కదా, కేసింగ్‌ని డబుల్ టేపుతో అంటించడం మేలు. కరెంటు వైర్లున్న పైపులోంచి మాత్రం దీన్ని లాగొద్దు. సిగ్నల్ చెడే సంగతి అటుంచి, అది ప్రమాదం.

కొస కట్టేటప్పుడు పై తొడుగు రెండు, మూడు సెంటీమీటర్లు తీసి, ఎనిమిది తీగల్నీ ఈ వరసలో పెట్టాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. కనెక్టరు క్లిప్పు కిందికి, బంగారు పిన్నులు పైకి ఉంచి, కేబులు మీ వైపు నుంచి లోపలికి దూర్చితే ఎడమ నుంచి వచ్చే వరస ఇది. రెండు చివరలా ఇదే ఉండాలి. సమంగా కత్తిరించి, తీగల కొసలు కనెక్టరు చివర తాకేదాకా తోసి, పై తొడుగు కూడా కాస్త లోపలికి వెళ్లాకే నొక్కండి. తీగలు జతలుగా మెలేసి ఉంటాయి, ఆ మెలికలు అర అంగుళం కన్నా ఎక్కువ విప్పొద్దు. పక్క జత సిగ్నల్ ఇందులోకి చొరబడకుండా కాపాడేది ఆ మెలికే. టెస్టర్‌లో 1 నుంచి 8 దాకా దీపాలు వరసగా వెలగాలి.

ఎనిమిదిలో ఒక తీగ సరిగా తగలకపోయినా నెట్ వస్తూనే ఉండొచ్చు, అదే దీంతో చిక్కు. 100 ఎంబీపీఎస్‌కి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి (1000 ఎంబీపీఎస్) ఎనిమిదీ కావాలి. 300 ప్లాను తీసుకున్నా స్పీడ్ టెస్టు 94 దగ్గర ఆగిపోతుంటే కంపెనీకి ఫోన్ చేసేముందు కొసలు మళ్లీ కట్టండి. రౌటరు పోర్టులు కూడా గిగాబిట్‌వేనా చూసుకోండి.

ఇక రెండో రౌటరు. దాన్ని మెయిన్ డబ్బాకి కలపకముందే ల్యాప్‌టాప్‌కి తగిలించి సెట్టింగులు తెరవండి. యాక్సెస్ పాయింట్ మోడ్ (వచ్చిన నెట్‌ని పంచడం మాత్రమే చేసే పద్ధతి) ఉంటే అది ఎంచుకుంటే పని అయిపోయినట్టే. లేకపోతే, మెయిన్ డబ్బా అడ్రసు 192.168.1.1 అనుకుంటే, దీని ల్యాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) అడ్రసు 192.168.1.2 చేసి, ఆ కొత్త అడ్రసుతో మళ్లీ లోపలికెళ్లి, చివరగా డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రసులు పంచే ఏర్పాటు) ఆపండి. ముందే ఆపేస్తే ల్యాప్‌టాప్‌కి అడ్రసు దొరక్క బయటే నిలబడిపోతారు. ఈ పద్ధతిలో హాల్లోంచి వచ్చిన కేబుల్ని వ్యాన్ (బయటి నెట్ వచ్చే) పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో పెట్టాలి. వ్యాన్‌లో పెట్టి రౌటరు మోడ్‌లోనే వదిలేస్తే బ్రౌజింగు నడవొచ్చు గానీ, బెడ్రూం ల్యాప్‌టాప్‌కి హాల్లోని ప్రింటరు కనపడదు. ప్రింటరు పోయిందనుకుని దాన్ని విప్పేవాళ్లు ఎక్కువ.

మెయిన్ డబ్బాలో డీహెచ్‌సీపీ పంచే అడ్రసులు 192.168.1.100 నుంచి 200 వరకే ఉంచితే ఆ 2ని ఇంకెవరికీ ఇవ్వదు. ప్రింటరుకి ఒక అడ్రసు రిజర్వ్ చేసేయండి. రెండు వైఫైలకీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెడితే ఫోను తనే మారుతుంది. ఛానళ్లు మాత్రం వేరు: 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకటి 1, ఇంకోటి 11, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. అపార్ట్‌మెంట్‌లో ఈ బ్యాండు కిక్కిరిసి ఉంటుంది కాబట్టి పని ల్యాప్‌టాప్‌ని 5 గిగాహెర్ట్జ్‌కే కట్టేయండి. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ 2 లేదా 3, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే సదుపాయం) ఆఫ్, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్పు, ఇవి ఐదు నిమిషాల పని.

నెట్ ఆగితే వరసగా వెతకండి. కంప్యూటరు అడ్రసు 169.254తో మొదలైతే దానికి డీహెచ్‌సీపీ అందలేదు, తప్పు కేబులుదో రెండో రౌటరుదో. 192.168.1.1కి పింగ్ (అవతల నుంచి జవాబు వస్తుందా అని చూసే కమాండ్) వెళ్లి, బయట గూగుల్ అడ్రసు 8.8.8.8కి వెళ్లకపోతే తప్పు బయట ఉంది, డబ్బా మీద ఎల్‌ఓఎస్ (సిగ్నల్ పోయిందని చెప్పే) దీపం ఎర్రగా ఉంటే ఫైబరే తెగింది లేదా మరీ మడతపడింది. 8.8.8.8 దాకా వెళ్లి సైట్లు తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్ (సైటు పేరుని అడ్రసుగా మార్చేది) చూడండి. ఇల్లంతా ఒక్కసారిగా చచ్చుబడితే ఒకే కేబులు రెండు కొసలూ ఒకే రౌటరు పోర్టుల్లో గుచ్చారేమో చూడండి, ఇల్లు ఊడ్చేటప్పుడు ఊడినదాన్ని ఎవరో సాయం చేసి పెట్టి ఉంటారు.

జనరేటరున్న అపార్ట్‌మెంటైనా మినీ యూపీఎస్ కావాలి. కరెంటు మారే కొద్ది సెకన్లకే డబ్బా రీస్టార్ట్ అయి, తిరిగి లేవడానికి నిమిషాలు తీసుకుంటుంది. కొనేముందు అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూడండి. చాలావాటికి 12 వోల్టులు, కొన్నిటికి 9. తొమ్మిదిదానికి పన్నెండు ఇస్తే కాలిపోవచ్చు. ఆంపియర్లు ఎక్కువున్నా ఫరవాలేదు, తక్కువుంటే మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది. బెడ్రూం రౌటరుకీ ఇంకొకటి కావాలి, లేకపోతే హాల్లో నెట్ ఉన్నా ఆ గదికి రాదు.