రాత్రి బాగున్న పాత డీజిల్ జీపు పొద్దున స్టార్ట్ కాకపోతే: సమస్య, కారణం, పరిష్కారం

రాత్రి నిలిపేటప్పుడు ఏ లోపమూ లేని బండి పొద్దున తాళం తిప్పితే సెల్ఫ్ చక్కగా తిరుగుతుంది గానీ ఇంజన్ అందుకోదు. చాలాసేపు కొట్టాక అందుకుని, కొన్ని సెకన్లు ఊగిసలాడి ఆగిపోతుంది. మళ్లీ కొడితే ఈసారి నిలబడుతుంది, ఆ తర్వాత రోజంతా ఏ ఇబ్బందీ పెట్టదు. ఈ లక్షణం కనబడగానే ముందు బ్యాటరీ, తర్వాత హీటర్ ప్లగ్గులు (చల్లని సిలిండర్‌ను ముందుగా వేడిచేసేవి), ఆపై నాజిళ్లు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) మార్చి, చివరికి నాజిళ్లకు డీజిల్ నెట్టే పంపునే విప్పి క్యాలిబ్రేషన్‌కు (కొలత సరిచేయడానికి) పంపిన బండ్లు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి. వీటిలో దేన్నీ ముట్టుకోకముందే చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. దానికి పానా కూడా అక్కర్లేదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఇంకొకరిని బండి వెనక నిలబెట్టి, సైలెన్సర్ నుంచి పొగ వస్తోందో లేదో చూడమనాలి.

ఇక్కడ రాసేదంతా కామన్ రెయిల్ (కంప్యూటరు అదుపులో డీజిల్ చిమ్మే పద్ధతి) రాకముందటి, మెకానికల్ పంపు ఉన్న డీజిల్ ఇంజన్ల గురించి మాత్రమే.

పొగను బట్టి దారి

సెల్ఫ్ కొడుతున్నంతసేపూ తెల్లని పొగో బూడిదరంగు పొగో వస్తుంటే డీజిల్ సిలిండర్‌లోకి చేరుతోందని, అక్కడ మండటం లేదని అర్థం. అప్పుడు హీటర్ ప్లగ్గులు చూడాలి. ప్లగ్గులన్నిటినీ కలిపే పట్టీ విప్పి, బ్యాటరీ పాజిటివ్ నుంచి టెస్ట్ ల్యాంపు ద్వారా ఒక్కో ప్లగ్గు కొనను తాకితే మంచి ప్లగ్గు దగ్గర ల్యాంపు వెలుగుతుంది, పోయినదాని దగ్గర వెలగదు. ప్లగ్గులన్నీ బాగున్నాయంటే వాటికి కరెంటు అందించే రిలే చూడాలి.

సెల్ఫే నీరసంగా తిరుగుతుంటే అది వేరే సంగతి. రాత్రంతా నిలిచిన మంచి 12 వోల్టుల బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపించాలి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు సుమారు 10 వోల్టుల కంటే కిందికి పడకూడదు. బ్యాటరీ బాగుండీ సెల్ఫ్ నీరసంగా ఉంటే ఇంజన్‌కూ చాసిస్‌కూ మధ్య ఉండే ఎర్త్ పట్టీని విప్పి, తుప్పు గీకి, బిగించాలి. బురదలో నీళ్లలో తిరిగే బండ్లలో ఆ పట్టీ బోల్టు కింద తుప్పు పట్టడం మామూలే.

సెల్ఫ్ జోరుగా తిరుగుతున్నా సైలెన్సర్ నుంచి పొగ పోగు కూడా రాకపోతే మాత్రం సిలిండర్‌లోకి డీజిల్ చేరడం లేదు. డీజిల్ చేరని ఇంజన్‌కు ఎన్ని హీటర్ ప్లగ్గులు మార్చినా ప్రయోజనం ఉండదు. ఈ పొగలేని స్థితే పైన చెప్పిన లక్షణానికి అసలు జోడీ, దీనికి కారణం నూటికి తొంభై పాళ్లు ట్యాంకు నుంచి పంపుకు డీజిల్ తెచ్చే లైనులో గాలి చేరడమే.

డీజిల్ కారదు, గాలి మాత్రం దూరుతుంది

అందరినీ తప్పుదారి పట్టించేది ఈ కారణమే కాబట్టి దీన్ని నిదానంగా చూడాలి. బండి కిందికి దూరి చూస్తే ఎక్కడా తడి కనబడదు, నేల మీద చుక్క ఉండదు, కాబట్టి లైను బాగానే ఉందని తీర్మానించేస్తారు. కానీ ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకులోని డీజిల్‌ను లాగే పంపు) వరకు ఉన్న పైపులో డీజిల్ ఒత్తిడితో నెట్టబడదు, పీల్చబడుతుంది. చిల్లుపడిన గొట్టంతో నీళ్లు పీల్చితే ఆ చిల్లు నుంచి నీళ్లు బయటికి రావు, గాలే లోపలికి వస్తుంది. ఇక్కడ జరిగేదీ అదే. డీజిల్ చుక్క దూరలేనంత సన్నని సందులోంచి కూడా గాలి దూరుతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆ కాస్త గాలిని పంపు తట్టుకుంటుంది. రాత్రి ఇంజన్ ఆగిన తర్వాత ఆ సందులోంచి గాలి మెల్లగా దూరుతుంటే, పైపులోని డీజిల్ తన బరువుకు తానే కిందనున్న ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టినప్పుడు ఫిల్టర్లో, పంపులో మిగిలిన కొద్దిపాటి డీజిల్‌తో ఇంజన్ అందుకుని, అది అయిపోగానే ఆగిపోతుంది.

ఈ లోపాన్ని గ్యారేజీలో పట్టుకోవడం కష్టం కావడానికి కారణం కూడా ఇదే. పాతబడి గట్టిపడిన రబ్బరు పైపు చలికి ముడుచుకుని కొసల దగ్గర సందు ఇస్తుంది, ఇంజన్ వేడెక్కాక ఉబ్బి మళ్లీ అతుక్కుంటుంది. మధ్యాహ్నం తీసుకెళ్లి చూపిస్తే బండి మొదటి తాళానికే స్టార్ట్ అవుతుంది, చూసినవాళ్లు లోపమేమీ లేదంటారు. అందుకే బండిని సాయంత్రమే వదిలి, పొద్దున మొదటి స్టార్టు తమ కళ్లముందే కొట్టమని చెప్పాలి.

మీ బండిలో ఎక్కడి నుంచి ఎక్కడి వరకు పీల్పు ఉందో ముందు తేల్చుకోవాలి. ల్యాండ్ రోవర్ 200 టీడీఐ, 300 టీడీఐ ఇంజన్ల మాదిరిగా బ్లాకు పక్కన విడిగా ఫీడ్ పంపు ఉంటే ట్యాంకు నుంచి ఆ పంపు వరకే పీల్పు, అక్కడి నుంచి ఫిల్టర్ మీదుగా అంతా నెట్టుడు. ఫిల్టర్ దగ్గర లోపం ఉంటే వాటిలో డీజిల్ బయటికి కారి కనబడుతుంది. టయోటా 1హెచ్‌జెడ్ లాంటి ఇంజన్లలో విడి ఫీడ్ పంపు ఉండదు. నాజిళ్లకు డీజిల్ నెట్టే రోటరీ పంపు తన లోపలి వేన్ పంపుతోనే (చిన్న రెక్కల పంపు) పీల్చుకుంటుంది కాబట్టి ఫిల్టర్, దాని మీది హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కి డీజిల్ లాగే గుండీ) కూడా పీల్పు వైపే ఉంటాయి, అక్కడి లోపం కంటికి కనబడదు.

నిర్ధారణ

ఒక రాత్రి గడిచాక, సెల్ఫ్ ముట్టుకోకుండా హ్యాండ్ ప్రైమర్‌ను గట్టిపడేదాకా కొట్టి, ఆ తర్వాత తాళం తిప్పాలి. వెంటనే అందుకుందంటే లైను ఖాళీ అవుతోందని తేలిపోయినట్టే. టీడీఐ ఇంజన్లలో ఫీడ్ పంపు మీటను కదిపినప్పుడు పట్టు తగలకపోతే పంపు పాడైందనుకోకూడదు. క్యామ్ షాఫ్ట్ మిట్ట మీద ఆగి ఉంటే మీటకు కదలిక ఉండదు, ఇంజన్‌ను కొద్దిగా తిప్పి మళ్లీ చూడాలి. ట్యాంకు వెనకవైపు ఉన్న బండిని ఒక రాత్రి ముక్కు పల్లానికి పెట్టి, మరో రాత్రి ఎత్తుకు పెట్టి చూడటం కూడా మంచి పరీక్షే. ముక్కు పల్లానికి ఉంటే డీజిల్ తనంతట తానే పంపు వైపు నిలబడుతుంది కాబట్టి బండి సులువుగా అందుకుంటుంది, ఎత్తుకు పెడితే మొండికేస్తుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బాగుండి, అడుగంటినప్పుడు సతాయించడం కూడా ఈ కోవకే చెందుతుంది.

లోపం ఏ ముక్కలో ఉందో తేల్చడానికి శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, కొత్త పైపు ముక్కతో నేరుగా ఫీడ్ పంపుకు, అది లేని బండ్లలో ఫిల్టర్‌కు కలిపి, ఒక రాత్రి అలాగే వదలాలి. ఈ పరీక్షను సగంమంది చెడగొట్టేది డబ్బాను బానెట్ మీద పెట్టడం వల్ల. ఎత్తులో పెడితే డీజిల్ తన బరువుతోనే దిగివస్తుంది, పీల్పు ఉండదు, కింద లోపమున్నా దాగిపోతుంది. డబ్బా నేల మీదే ఉండాలి. అలా పెట్టినా పొద్దున మొదటి తాళానికే అందుకుంటే లోపం బండి పైపులోనో ట్యాంకులోనో ఉంది. అందుకోకపోతే లోపం పంపు వైపు ఉంది. ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య పారదర్శకమైన పైపు ముక్క పెడితే బుడగలు కంటికే కనబడతాయి. ఫిల్టర్ మార్చిన కాసేపటి వరకు వచ్చే బుడగలను పట్టించుకోనక్కర్లేదు, ఆగకుండా వరుసకట్టి వస్తుంటేనే లోపం. మామూలు ప్లాస్టిక్ పైపు డీజిల్ తగిలి గట్టిపడుతుంది కాబట్టి పరీక్ష కాగానే తీసేయాలి.

ఎక్కడెక్కడ చూడాలి

మొదట హ్యాండ్ ప్రైమర్ గుండీ. కొట్టిన తర్వాత తిరిగి మరలా బిగించవలసిన రకం అయితే అది బిగించి ఉందో లేదో చూడాలి. వదిలేస్తే అక్కడి నుంచే గాలి దూరుతుంది. తర్వాత ఫిల్టర్ రబ్బరు రింగు. సమస్య ఫిల్టర్ మార్చిన మరుసటి రోజే మొదలైతే ఇంకెక్కడా వెతకనక్కర్లేదు, పాత రింగు ఫిల్టర్ తలకు (ఫిల్టర్ బిగించే పైభాగానికి) అతుక్కునే ఉండి దాని మీదే కొత్తది పడి ఉంటుంది. రెండూ తీసి, గాడి తుడిచి, కొత్త రింగుకు డీజిల్ రాసి బిగించాలి. నాజిళ్లను ఒకదానికొకటి కలిపే సన్నని లీకేజీ పైపులు పగిలి ఉంటే అక్కడి నుంచి కూడా గాలి దూరుతుంది, వాటిని మార్చడం పెద్ద పని కాదు.

ఆ తర్వాత చాసిస్ వెంట వెళ్లే ఇనుప పైపు. దీన్ని పట్టి ఉంచే క్లిప్పులను ఒక్కొక్కటే విప్పి చూడాలి, పైనుంచి చేత్తో తడిమి వదిలేయకూడదు. క్లిప్పు కింద చేరిన బురద నెలల తరబడి తేమ పట్టి ఉంచుతుంది, మిగతా పైపంతా పెయింటు కూడా చెదరకుండా ఉన్నా ఆ అంగుళం మేరే తుప్పు గుంటలు పడుతుంది. వైరు బ్రష్‌తో రుద్దితే పొరలుగా ఊడి, సూది మొన దూరేంత చిల్లు బయటపడుతుంది. అలాంటి పైపుకు అతుకు వేయకుండా మార్చేయాలి. ఇనుప పైపు నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు పైపు ఇంకో చోటు. ఇంజన్ మౌంటింగులు చితికిపోయిన బండి గతుకుల్లో పడినప్పుడల్లా ఇంజన్ ఊగి ఆ పైపును లాగుతుంది, క్లిప్పు దగ్గర రబ్బరు తెగుతుంది. మౌంటింగు మార్చకుండా పైపు మాత్రమే మారిస్తే కొన్నాళ్లకు మళ్లీ అదే కథ.

బండి సరిగ్గా సగం ట్యాంకు దగ్గరో పావు ట్యాంకు దగ్గరో ఆగిపోతూ, డీజిల్ పోయగానే బాగుపడుతుంటే ట్యాంకు లోపలి పీల్పు గొట్టం చూడాలి. దానికి చిల్లు ఎంత ఎత్తులో పడితే డీజిల్ ఆ మట్టానికి దిగగానే గాలి పీలుస్తుంది.

బాగుచేయడం

రబ్బరు పైపు డీజిల్‌కు తట్టుకునే రకమే కావాలి, లోపలి వ్యాసం పాతదానితో సరిపోవాలి. వదులు పైపును క్లిప్పుతో నొక్కిపెడితే అది ముడత పడి, ఆ ముడతే గాలికి దారి అవుతుంది. బాంజో బోల్టు (నడుమ బోలుగా ఉండి పైపు కొసను పట్టి ఉంచేది) విప్పిన ప్రతిసారీ రాగి వాషర్లు కొత్తవి వేయాలి. కొత్తవి దొరకకపోతే పాతవాటిని ఎర్రగా కాల్చి చల్లార్చితే మళ్లీ మెత్తబడతాయి. గాలిని వెతకడానికి ట్యాంకులోకి కంప్రెసర్ గాలి పెట్టడం మాత్రం వద్దు, ట్యాంకు ఉబ్బిపోతుంది.

గాలి తీసేటప్పుడు ముందు ఫిల్టర్ తల మీది స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి డీజిల్ మాత్రమే వచ్చేదాకా ప్రైమర్ కొట్టి బిగించాలి. తర్వాత పంపు మీది స్క్రూ దగ్గర అదే పని చేయాలి. అప్పటికీ అందుకోకపోతే నాజిళ్ల నట్లు అరచుట్టు వదిలి సెల్ఫ్ కొట్టాలి, డీజిల్ చిమ్మగానే బిగించాలి. నాజిల్ 100 బార్ కంటే ఎక్కువ ఒత్తిడితో చిమ్ముతుంది, ఆ ధార చర్మంలోకి దిగితే చెయ్యే పోవచ్చు, అందుకని చేతులు దూరంగా ఉంచి, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. సెల్ఫ్‌ను ఒక్కసారి పది పదిహేను సెకన్లకు మించి కొట్టకుండా మధ్యలో చల్లారనివ్వాలి.

లైనులో నాన్ రిటర్న్ వాల్వు (డీజిల్‌ను వెనక్కి పోనివ్వనిది) పెట్టించుకుంటే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. పొద్దున స్టార్టు సర్దుకుంటుంది నిజమే, కానీ సందు అలాగే ఉండి రోజురోజుకూ పెద్దదై, ఏ ఎత్తు మధ్యలోనో, ఏ వాగు మధ్యలోనో బండిని నిలబెడుతుంది.

నడుస్తూ నడుస్తూ ఆగిపోతే

పొద్దున బాగా స్టార్ట్ అయి, అరగంటో గంటో నడిచాక ఆగి, కాసేపు నిలిపితే మళ్లీ నడిచే బండికి ముందుగా ట్యాంకు మూత తెరిచి చూడాలి. మూత తీయగానే గాలి లోపలికి లాగిన చప్పుడు వినిపిస్తే ట్యాంకు గాలిగొట్టం బురదతో మూసుకుపోయింది, దాన్ని శుభ్రం చేస్తే చాలు. చప్పుడు లేకుండా ఎత్తుల్లో మాత్రమే దమ్ము తగ్గుతుంటే ఫిల్టర్ మార్చాలి, అడుగున చేరిన నీళ్లు వదలాలి.

ఇక అరుదైనవి

తాళం ఆన్ చేసినప్పుడు పంపు మీది స్టాప్ సోలనాయిడ్ (కరెంటుతో డీజిల్ దారి తెరిచేది) టిక్కుమనకపోతే దానికి 12 వోల్టులు అందుతున్నాయో లేదో చూడాలి, అయితే అది పోతే పొద్దునే కాదు, ఎప్పుడూ స్టార్ట్ కాదు. పంపు షాఫ్ట్ సీలు, టైమింగ్, కంప్రెషన్ లోపాలు ఉండకపోవు గానీ నేలమీది డబ్బా పరీక్ష ఒక రాత్రి గడిచాకా విఫలమై, ప్రైమర్, ఫిల్టర్ రింగు, లీకేజీ పైపులు మూడూ సరిగా ఉన్నాయని తేలితే తప్ప వాటి జోలికి పోనక్కర్లేదు.