కొంత తారు, కొంత మట్టి ఉన్న మారథాన్‌కి షూ ఎలా ఎంచుకోవాలి

మారథాన్ రూట్‌లో కొంత తారు రోడ్డు, కొంత అడవి బాట ఉందని తెలియగానే అందరూ అడిగేది ఒకటే, రోడ్డు షూ కొనాలా, మట్టి బాటల కోసం చేసే ట్రైల్ షూ కొనాలా అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది: 30వ కిలోమీటరు దాటాక మీ కాళ్ల కింద ఏముంటుంది? మొదటి పది కిలోమీటర్లు ఏ షూతోనైనా లాగించేయొచ్చు. కాళ్లు బరువెక్కాక పాదం నేల మీంచి లేచే ఎత్తు తగ్గిపోతుంది, అప్పుడే వేర్లు తన్నుకుని పడిపోవడం, రాయి మీద కాలు బెణకడం ఎక్కువ. అందుకే రూట్ మ్యాప్ తెరిచి, ఎన్ని కిలోమీటర్లు మట్టి అన్నదొక్కటే కాకుండా అది ముందు వస్తుందా చివర వస్తుందా అన్నది కూడా చూడండి. పోయినేడాది పరిగెత్తినవాళ్లు దొరికితే ఆ మట్టి ఎలాంటిదో అడగండి.

మట్టి అంతా ఒకేలా ఉండదు. ఆరోవిల్ మారథాన్ జరిగేది ఎర్రమట్టి దారుల మీద, అదీ ఫిబ్రవరిలో, మామూలుగా నేల పొడిగా గట్టిగా ఉంటుంది కాబట్టి అలాంటి చోట మంచి రోడ్డు షూ కూడా సరిపోతుంది. మొరం పరుచుకున్న వాలు వేరే సంగతి. వానకు తడిసిన నల్లరేగడి అయితే షూకి అంటుకుని అడుగడుక్కీ బరువు పెంచుతుంది, అక్కడ షూ అడుగున ఉండే పళ్లు, అంటే లగ్స్, ఎంత లోతన్నదాని కన్నా వాటి మధ్య ఎడం ఎంతుందన్నది ముఖ్యం, ఎడం ఉంటేనే మట్టి రాలుతుంది.

రెండేళ్ల కింద వానాకాలంలో అనంతగిరి కొండల్లో 28 కిలోమీటర్ల లాంగ్ రన్‌కి రోడ్డు షూతోనే వెళ్లాను. తారు మీద హాయిగా సాగింది. అడవిలోకి మళ్లి ఒక మొరం వాలు దిగుతుంటే చిన్న రాళ్లు కాలి కింద గోలీల్లా దొర్లాయి, ఆపుకోలేక చెట్టు కొమ్మ పట్టుకున్నాను. తిరిగి రోడ్డెక్కాక అడుగేసినప్పుడల్లా టక్ టక్ అని చప్పుడు. చూస్తే షూ అడుగున గాడిలో కంకర ముక్క ఇరుక్కుని ఉంది, బండి తాళంచెవితో పీకాల్సి వచ్చింది. ఇంటికొచ్చి సాక్స్ విప్పేసరికి రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడి ఉన్నాయి. రాళ్లకి జారడం గ్రిప్ లేక, గోళ్లు పోవడం సైజు, లేసు సరిగా లేక.

ఇక కొలతలు. రోడ్డు సగానికి పైగా ఉండి, మట్టి గట్టిగా ఉంటే 3 నుంచి 4 మిల్లీమీటర్ల లగ్స్ ఉన్న రోడ్-టు-ట్రైల్ రకం తీసుకోండి. హోకా ఛాలెంజర్, నైకీ పెగాసస్ ట్రైల్ ఈ కోవలోవే. సాలమన్ స్పీడ్‌క్రాస్ లాంటివి మెత్తటి బురద కోసం చేసినవి, వాటితో పాతిక కిలోమీటర్లు తారు మీద పరిగెత్తితే పాదాలకి ఆ లగ్స్ గుచ్చుకున్నట్టు తెలుస్తాయి, పైగా త్వరగా అరిగిపోతాయి. అడుగు లోపల కార్బన్ ప్లేట్, అంటే గట్టి కార్బన్ ఫైబర్ పలక, ఉన్న ఎత్తైన రేసు షూ రోడ్డు మీద ఎంత బాగున్నా గతుకుల బాట మీద నాకు వద్దు, ఎత్తు పెరిగినకొద్దీ కాలు పక్కకి మడతపడే అవకాశం పెరుగుతుంది. గోర్‌టెక్స్ లాంటి వాటర్‌ప్రూఫ్ షూ కూడా వద్దు, వాగు దాటేటప్పుడు నీళ్లు పైనుంచి లోపలికి వచ్చి అక్కడే నిలిచిపోతాయి, జాలీ పైభాగం అయితే కాసేపటికి కారిపోతాయి. బాటలో రాళ్లు ఎక్కువైతే వేళ్ల ముందు గట్టి రబ్బరు అంచు ఉండాల్సిందే.

మడమకీ వేళ్లకీ మధ్య ఎత్తులో తేడాని డ్రాప్ అంటారు. ఇప్పుడు వేసుకునేది 10 మిల్లీమీటర్లదైతే, రేసుకి ఆరు వారాల ముందు ఒక్కసారిగా సున్నాకి దిగకండి, పిక్కలూ మడమ వెనక ఉండే స్నాయువూ (అకిలీస్ టెండన్) తట్టుకోవు.

షాపుకి సాయంత్రం పూట వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, మారథాన్ చివర్లో ఉండేదీ అలాంటి పాదాలే. రేసులో వేసుకునే సాక్సే వేసుకెళ్లండి. పొడవాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, నాకైతే మామూలు షూ కన్నా అర సైజు పెద్దది కావాల్సి వచ్చింది. అద్దం ముందు నాలుగడుగులు వేసి బిల్లు కట్టేయకండి. మెట్లున్న చోటికి వెళ్లి దిగి చూడండి, పార్కింగ్ ర్యాంప్ ఉంటే ఇంకా మంచిది, దిగేటప్పుడు వేళ్లు ముందుకి గుద్దుకుంటే ఆ జత పక్కన పెట్టేయండి. ఒకసారి ఒక షాపులో "వాడుతుంటే సాగుతుందండీ" అన్నారు, నమ్మి తెచ్చుకుంటే పక్కకి కాస్త వదులైంది గానీ పొడవు అంతే ఉంది. కొత్త మోడల్ పదివేలకు పైనే అవుతుంది కాబట్టి పోయినేడాది మోడల్ తగ్గింపులో దొరికితే సంతోషంగా తీసుకోండి.

కొన్నాక కనీసం 60, 70 కిలోమీటర్లు పరిగెత్తి చూడాలి, అందులో ఒక్కటైనా పాతిక కిలోమీటర్లు దాటిన పరుగు, తారూ మట్టీ కలిసినది కావాలి. మిగతా రోజుల్లో రోడ్డు మీదకి పాత షూనే వాడండి, లేకపోతే రేసు నాటికే లగ్స్ అరిగిపోతాయి. ఒకసారి తడి బండరాయి మీద కూడా నడిచి చూడండి, లగ్స్ ఎంత లోతున్నా రబ్బరు మంచిది కాకపోతే బండ మీద జారుతుంది.

లేసు కట్టేటప్పుడు చీలమండ దగ్గర విడిగా ఉండే ఆఖరి రంధ్రాన్ని వాడుకోండి. లేసుని అదే వైపు రంధ్రంలోకి దూర్చితే చిన్న ఉంగరంలా వస్తుంది, రెండు వైపులా ఇలాగే చేసి, ఒక్కో వైపు లేసుని ఎదుటి వైపు ఉంగరంలోంచి తీసి బిగించి ముడి వేయండి. మడమ కదలదు, దిగుడులో పాదం ముందుకి జారదు. ఆ అనంతగిరి వాలులోనే మళ్లీ ఇలా కట్టుకుని దిగాను, గోళ్లు నల్లబడలేదు.