వాడిన రైఫిల్ బ్రాస్‌: లోపాలు, కారణాలు, పరిష్కారాలు

రైఫిల్ తూటా ఒకసారి పేలిన తరువాత గుండు, మందు, మందును రగిలించే ప్రైమర్ పోయినా ఇత్తడి తొడుగు మాత్రం చేతికి మిగులుతుంది. అమెరికాలో షూటర్లు ‘బ్రాస్’ అని పిలిచే ఈ తొడుగును శుభ్రపరచి, తిరిగి కొలతకు తెచ్చి, మళ్లీ నింపుకోవడం అక్కడ సొంత వాడకానికి ఫెడరల్ లైసెన్సు అవసరం లేని వ్యాపకం. భారతదేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం నేరం కాబట్టి, ఇక్కడ చెప్పేదంతా అమెరికాలో చట్టబద్ధంగా ఈ పని చేసుకుంటున్నవారి కోసమే. రేంజ్‌లో ఏరుకున్న ఖాళీ తొడుగు ఒక్కటి బ్యాగు అడుగున మిగిలిపోయినా హైదరాబాదు విమానాశ్రయంలో చిక్కులు తెస్తుంది గనుక, స్వదేశ ప్రయాణానికి ఆ బ్యాగును వాడకపోవడం మంచిది.

ఉదాహరణలకు .308 విన్‌చెస్టర్ అనే తూటాను తీసుకుంటున్నాను. మిగతా సీసా ఆకారపు తూటాలకూ కారణాలు ఇవే, కొలతలు మాత్రం వేరు.

లక్షణం: అడుగుకు కొంచెం పైన చుట్టూ మెరిసే గీత

అన్నిటిలోకీ ప్రమాదకరమైన లోపం ఇదే. అడుగు నుంచి సుమారు ఒక సెంటీమీటరు ఎత్తున, గట్టి అడుగు భాగం ముగిసి పలుచని గోడ మొదలయ్యే చోట, సన్నని మెరుపు గీత కనిపిస్తే అక్కడ లోహం లోపలి నుంచి పలుచబడుతోందని అనుమానించాలి. అయితే తొడుగును నొక్కి కొలతకు తెచ్చే ఉక్కు అచ్చు, అంటే డై, అంచు ఆగిన చోట కూడా ఒక మెరుపు పడుతుంది; అది హాని లేనిది. ఏది ఏదో తేల్చడానికి పేపర్ క్లిప్పును సాగదీసి, కొన వంచి, పదును పెట్టి, తొడుగు లోపలి గోడ వెంట అడుగు నుంచి పైకి లాగాలి. కొన గాడిలో పడినట్లు ఆగితే ఆ తొడుగు పని అయిపోయినట్లే. దానికి మరమ్మతు లేదు.

కారణం చాలామంది అనుకున్నట్లు నాసిరకం ఇత్తడి కాదు, డైని అవసరానికి మించి కిందికి బిగించడం. తూటా పేలగానే తొడుగు ముందు భాగపు గోడలు ఉబ్బి, రైఫిల్‌లో తూటా కూర్చునే గది అయిన చాంబర్‌ను పట్టుకుంటాయి; అడుగు వెనక్కి జరిగి, చాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్టుకు ఆనుతుంది. మెడ కింద వాలుగా ఉండే భుజాన్ని డైతో ఎంత ఎక్కువ వెనక్కి నొక్కి ఉంటే ఆ ఖాళీ అంత ఎక్కువ, గోడ సాగేదీ అంత ఎక్కువ. ‘డై షెల్ హోల్డర్‌ను (తొడుగు అడుగును పట్టి ఉంచే భాగం) తాకాక ఇంకో పావు చుట్టు తిప్పండి’ అనే డై కరపత్రపు సూచన అన్ని రైఫిళ్లలోనూ నడిచే తూటానిస్తుంది గానీ, మీ రైఫిల్‌కు సరిపోయే కొలతనివ్వదు. మొదటి ఏడాది నేనూ ఆ సూచననే నమ్మాను. మూడో కాల్పుకే ఒక తొడుగు రెండు ముక్కలై, ముందు ముక్క చాంబర్‌లోనే ఉండిపోయింది.

పరిష్కారం కొలవడంలో ఉంది. మీ రైఫిల్‌లో పేలిన తొడుగు ప్రైమర్ తీసేసి, కాలిపర్‌కు అమర్చే కంపారేటర్‌తో అడుగు నుంచి భుజం దాకా కొలవండి. బోల్టు రైఫిల్ అయితే ఆ కొలత కంటే 0.001 నుంచి 0.002 అంగుళాలు, సెమీ ఆటోమేటిక్ అయితే 0.003 నుంచి 0.004 అంగుళాలు తగ్గేలా డైని అమర్చాలి. సాధారణ డైకి అంగుళానికి 14 మర చుట్లు ఉంటాయి కాబట్టి పూర్తి చుట్టుకు 0.071 అంగుళాలు కదులుతుంది. పదో వంతు చుట్టు కూడా ఈ పనికి ఎక్కువే.

లక్షణం: కొలతకు తెచ్చినా చాంబర్‌లోకి దిగడం లేదు

మెడ పొడవు పెరిగి ఉండవచ్చు. .308 తొడుగు మొత్తానికి గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు, దాటితే 2.005కు కత్తిరించి, అంచుల గరుకు తీయాలి. పొడవు సరిగా ఉంటే భుజం కొలవండి. అదీ సరిగా ఉంటే అడుగు దగ్గర ఉబ్బు మిగిలి ఉంటుంది. వదులు చాంబర్ ఉన్న మెషీన్ గన్‌లో పేలిన సైనిక బ్రాస్‌లో ఇది మామూలే, అడుగు దగ్గర మరింత నొక్కే స్మాల్ బేస్ డైతో చాలావరకు సర్దుకుంటుంది. కానీ అలాంటి బ్రాస్ మొదటి కాల్పులోనే బాగా సాగి ఉంటుంది కాబట్టి, పేపర్ క్లిప్పు పరీక్ష చేయకుండా నింపకండి.

లక్షణం: ప్రైమర్ తీసే సూది విరిగింది, లేదా కొత్త ప్రైమర్ కూర్చోవడం లేదు

సూది విరిగితే టార్చి వేసి లోపలికి చూడండి. నడిమధ్య ఒకే రంధ్రం ఉంటే బాక్సర్ రకం, అది మనకు పనికొస్తుంది. రెండు చిన్న రంధ్రాలుంటే బెర్డాన్ రకం, పక్కన పెట్టేయండి. రంధ్రం ఒకటే అయినా కొత్త ప్రైమర్ దిగకపోతే, పాత ప్రైమర్ జారకుండా సైనిక కర్మాగారంలో పాకెట్ (ప్రైమర్ కూర్చునే గుంట) అంచును లోపలికి నొక్కి ఉంటారు. అడుగున ‘ఎల్‌సి’ అక్షరాలు, రెండంకెల సంవత్సరం, వలయంలో కూడిక గుర్తు ఉన్న లేక్ సిటీ బ్రాస్‌లో ఇది తరచుగా కనిపిస్తుంది. ఆ అంచును స్వేజర్‌తో వెనక్కి నొక్కాలి, లేదా రీమర్‌తో కాస్త గీకాలి. బలవంతంగా నొక్కితే ప్రైమర్ చేతిలోనే పేలవచ్చు; ఎక్కువ గీకితే పాకెట్ వదులవుతుంది. ప్రైమర్ ఏ ప్రతిఘటనా లేకుండా దిగిపోయే పాకెట్, అధిక పీడనానికి గురైనదైనా అతిగా గీకినదైనా, ఇక పనికిరాదు.

సైనిక బ్రాస్ గోడలు సాధారణంగా మందంగా ఉంటాయి, కాబట్టి లోపలి చోటు తక్కువ. అదే మందు కొలతకు పీడనం పెరుగుతుంది. అందుకే అడుగు ముద్రను బట్టి వేరు చేసి, ఒక్కో జాతికి మాన్యువల్‌లోని కనీస కొలత నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

లక్షణం: మెడ మీద పగుళ్లు

ప్రతి కాల్పుకూ ఉబ్బి, ప్రతిసారీ డైలో నలిగి, మెడ లోహం గట్టిపడి పెళుసవుతుంది. పగిలినదాన్ని పారేయాలి, అదే జట్టులోని మిగతావాటిని మెడ, భుజం వరకే వేడి చేసి మెత్తబరచవచ్చు. వేడి అడుగుకు పాకితే ఆ తొడుగు పీడనాన్ని తట్టుకోలేదు.

పేల్చకుండానే మెడ పగిలితే అమ్మోనియాను అనుమానించండి. బ్రిటిష్ సైన్యం భారతదేశంలో వానాకాలమంతా తూటాలను గుర్రపుశాలల్లో దాచితే, గుర్రాల మూత్రం నుంచి వచ్చిన అమ్మోనియా, తేమ కలిసి ఇత్తడిని పగలగొట్టాయి. లోహంలో దాగిన బిగువుకు అమ్మోనియా తోడైతే పగులు వస్తుందని 1921లో మూర్ బృందం వివరించింది. అందుచేత అమ్మోనియా ఉన్న పాలిష్‌తో బ్రాస్ రుద్దకండి. పుల్లటి ద్రావణంలో అతిగా నానబెట్టినా జింకు కరిగి గులాబీ రంగు మచ్చలు తేలుతాయి; అలాంటి చోట లోహం బలహీనం.

లక్షణం: భుజం మీద సొట్టలు, లేదా డైలో ఇరుక్కుపోవడం

రెండూ డైలో జారడానికి తొడుగుకు పూసే నూనె తప్పులే. ఎక్కువైతే భుజం దగ్గర చేరి సొట్ట పడుతుంది. చిన్న సొట్ట తరువాతి కాల్పులో పోతుంది. తక్కువైతే తొడుగు ఇరుక్కుంటుంది, అప్పుడు డైని బిగించిన ప్రెస్ పిడిని బలంగా లాగితే అంచు ఊడివస్తుంది. అడుగులో రంధ్రం చేసి, మర కోసి, బోల్టుతో లాగే రిమూవర్ కొని ఉంచుకోండి.

పాలిష్ యంత్రాన్ని ఇంట్లో నడపకండి. పాత ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. పారేయదలచిన తొడుగులను పట్టకారుతో మెడ నలిపి తుక్కు డబ్బాలో వేయండి. లేకపోతే మరో రోజు మంచివాటితో కలిసి మళ్లీ మీ బల్ల మీదికే వస్తాయి.