గ్రౌండ్‌లో అండర్సన్‌విల్: యుద్ధఖైదీల శిబిరాన్ని పిల్లలకు చూపించే పద్ధతి

హైస్కూల్లోనైనా జూనియర్ కాలేజీలోనైనా అమెరికా అంతర్యుద్ధం పాఠం లింకన్ దగ్గర మొదలై లింకన్ దగ్గరే ఆగుతుంది. పట్టుబడి, శిబిరాల్లో చనిపోయిన సైనికుల ఊసు రాదు. ఉత్తరాది, దక్షిణాది రెండు వైపులా కలిపి వాళ్లు దాదాపు 56,000 మంది. అందులో 13,000కు కాస్త తక్కువ ఒక్క అండర్సన్‌విల్‌లోనే పోయారు. దక్షిణాది వాళ్లు జార్జియాలో 1864 ఫిబ్రవరిలో తెరిచిన శిబిరం అది. దాని 14 నెలల బతుకులో లోపలికి పోయిన ఉత్తరాది సైనికులు సుమారు 45,000 మంది.

ఈ అంకెలు బోర్డు మీద రాస్తే నోట్సులోకి పోతాయి, అక్కడే ఉంటాయి. ముగ్గుపిండి, సుతిలి, ఒక పాత గొంగడి, మక్కలు, సగానికి చీల్చిన పీవీసీ పైపు ఉంటే రెండు గంటల్లో గ్రౌండ్ మీదే చూపించొచ్చు. ఒక్క జాగ్రత్త: అనుభవం కలగాలని పిల్లల్ని ఎండలో నిలబెట్టడం, పస్తు ఉంచడం వద్దు. చూపించాల్సింది బాధను కాదు. జాగ, నీళ్లు, తిండి ఏ తీరుగా ఉంటే అంతమంది పోతారో చూపించాలి.

జాగ లెక్క

మొదట 10,000 మందికని 16.5 ఎకరాల చుట్టూ పైన్ దుంగలు పాతారు. జూన్ నెలాఖరుకు దాన్ని 26.5 ఎకరాలకు పెంచారు. ఆగస్టుకల్లా లోపల 33,000 మంది దాకా అయ్యారు. భాగించే పని పిల్లలకే ఇవ్వండి. తలకు 35 చదరపు అడుగులు, అంటే నాలుగు గజాలు కూడా నిండవు. 200 గజాల ప్లాటులో 51 మంది అన్నమాట. హన్మకొండ పిల్లలకు ఎకరం కంటే గజం లెక్కే తొందరగా ఎక్కుతుంది.

తర్వాత ముగ్గుతో 21 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గడి గీసి అందులో తొమ్మిది మందిని నిలబెట్టండి. సరిగ్గా తలకు 35 చదరపు అడుగులు వస్తుంది. చాలాచోట్ల ప్రదర్శన ఇక్కడే దెబ్బతింటుంది. నిలబడితే గడి ఖాళీగానే కనిపిస్తుంది, 'ఇంతేనా సార్' అంటారు. అందుకే వెంటనే వెడల్పులో 3 అడుగుల పట్టీ కొట్టేయండి. శిబిరం లోపల పారే వాగు పక్క బురద, గోడ వెంట నిషిద్ధ పట్టీ కలిపి దాదాపు ఐదో వంతు జాగ మనుషులకు పనికిరాలేదు. మిగిలిన 12 అడుగుల్లోనే పడుకోవాలి, వండుకోవాలి, నడవాలి, జబ్బుపడ్డవాణ్ని పక్కన ఉంచుకోవాలి. చాప పరిచి పడుకోమంటే మాటలు ఆగిపోతాయి.

నిషిద్ధ పట్టీని వేరుగా చూపించాలి. గోడకు సుమారు 19 అడుగుల లోపలగా నాటిన గుంజల మీద కర్రలు కట్టి ఒక హద్దు పెట్టారు. దాని పేరు డెడ్‌లైన్. దాటినవాణ్ని గోడ మీది గూళ్లలో ఉన్న కాపలావాడు హెచ్చరిక లేకుండా కాల్చొచ్చు. రెండు కర్రలకు మూడడుగుల ఎత్తున సుతిలి కట్టి, గోడ దాకా 19 అడుగులు టేపుతో కొలిపించండి. అసైన్‌మెంట్ డెడ్‌లైన్ అని రోజూ అనే పిల్లలు ఆ మాట ఈ యుద్ధం నాటి జైళ్ల నుంచి వచ్చిందంటే ఉలిక్కిపడతారు. పత్రికాఫీసు గడువు అనే అర్థం చాలా తర్వాతిది.

శిబిరంలో కప్పు ఇవ్వలేదు. ఖైదీలే దుప్పట్లు, కోట్లు కర్రల మీద వేసి గుడారాలు కట్టుకుని వాటిని షెబాంగ్ అన్నారు. నాలుగడుగుల గుంజలు రెండు, వాటి మీద ఆరడుగుల అడ్డకర్ర ఒకటి, పైన గొంగడి, నాలుగు మూలలా మేకులు. జంపఖానా వాడొద్దు, ఆ బరువుకు అడ్డకర్ర జారుతుంది. ముగ్గురికి రెండు గొంగళ్లుంటే ఒకటి పైకి, ఒకటి కిందికి. ఒక్కటే ఉన్నవాడికి రెండూ కుదరవు. జట్టు ఎందుకు కట్టారో అక్కడే తెలిసిపోతుంది.

నీళ్లు

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. చిన్న వాగు పడమటి గోడ కింద నుంచి వచ్చి తూర్పు గోడ కింద నుంచి పోయేది. పడమటి చివర తాగడానికి, ఆ కింద స్నానానికి, తూర్పు కొసన మరుగుదొడ్లు. కాగితం మీద చక్కటి ప్లానే. కానీ గోడ అవతల ఎగువన కాపలాదళం మకాం ఉంది, వంటశాల కూడా ఉంది. వాళ్ల మురికి, జిడ్డు తాగే నీళ్లలోకే వచ్చేవి. కింద చూస్తే, గోడ దుంగలు నీటిని అడ్డుకుని మరుగుదొడ్ల దగ్గర బురద పేరుకునేది.

10 అడుగుల పొడవు, 4 అంగుళాల పీవీసీ పైపును నిలువునా చీల్చి, ఒక సగాన్ని ఇటుకల మీద పెట్టండి. వాలు మొత్తం మీద ఒక అంగుళమే ఉండాలి. వాలు ఎక్కువైతే నీళ్లు జర్రున పోయి పైపు శుభ్రంగా కనిపిస్తుంది, ఉన్న సంగతికి పూర్తిగా ఎదురు. కింది కొసన చీపురుపుల్లలు వరుసగా గుచ్చి బంకమట్టితో నిలపండి, అవే గోడ దుంగలు. మగ్గుతో సన్నగా నీళ్లు వదులుతూ పైకొసన అరచెంచా పసుపు కలపండి. అది వంటశాల. మధ్యలో 'ఇక్కడ తాగాలి' అని చీటీ పెట్టండి. చివర పిడికెడు రంపపుపొట్టు వేయండి. రెండు నిమిషాల్లో చీటీ దగ్గర నీళ్లు పచ్చబడతాయి, పొట్టు పుల్లలకు తట్టుకుని వెనక్కి మళ్లుతుంది. నీళ్లవిరేచనాలు, జిగట విరేచనాలు అంతమందిని ఎందుకు తీసుకుపోయాయో మళ్లీ చెప్పనక్కర్లేదు. ఆగస్టులో కుండపోత వాన పడ్డాక లోపలే ఒక ఊట పుట్టింది. ఖైదీలు దానికి ప్రావిడెన్స్ స్ప్రింగ్ అని పేరు పెట్టుకున్నారు.

మక్కపిండి

రాతలో ఉన్న రేషన్ రోజుకు పౌనుంబావు మక్కపిండి, పౌను గొడ్డుమాంసం లేదా పౌనులో మూడోవంతు పందిమాంసం. చేతికొచ్చింది చాలాసార్లు అంతకంటే తక్కువ. పౌనుంబావు అంటే 567 గ్రాములు. తూకం వేసి చూపిస్తే 'గట్క కుండెడు అయితది కదా' అంటారు. నిజమే, కుండ ఉంటే. చాలామందికి కుండ లేదు, కట్టెలు చాలవు, పిండి జల్లించనిది, అందులో కంకి బెండు కూడా కలిపి విసిరింది.

ఎనుమాముల మార్కెట్ నుంచి రెండు కంకులు తెచ్చి గింజ ఒలిపించండి. బెండ్లను గిర్నిలో వేయమనకండి, వాళ్లు ఒప్పుకోరు. ఎండబెట్టి రోట్లో దంచి, పిండిలో కలిపి ఒక గాజుసీసాలో పోయండి. వేళ్ల మధ్య నలిపితే ఆ గరుకు తెలుస్తుంది. విరేచనాలతో పుండైన పేగుకు అది గాజుపెంకు లాంటిది. తినిపించొద్దు, తాకనిస్తే చాలు.

పాత్ర ఎలా దొరికిందని అడుగుతారు. సైనికుడి నీళ్లబుడ్డి రెండు రేకు చిప్పలను సీసపు టంకంతో అతికించింది. నిప్పులో పెడితే అతుకు విడిపోయి రెండు పళ్లేలు వచ్చేవి. బొమ్మ గీసి చెప్పండి, సీసం కరిగించే పని మాత్రం పిల్లల ముందు పెట్టుకోవద్దు.

సీసా పక్కన ఒక ఉసిరికాయ పెట్టండి. రోజుకు 10 మిల్లీగ్రాముల విటమిన్ సి అందినా స్కర్వీ అనే జబ్బు రాదు. ఎండు మక్కల్లో అది లేదనే చెప్పాలి. చిగుళ్లు ఉబ్బి పళ్లు కదలడం, మానిన గాయాలు మళ్లీ తెరుచుకోవడం నెలల్లోనే మొదలైంది. ఖైదీలు మక్కపిండిని నీళ్లలో పులియబెట్టి, మన కలి లాగా, 'బీరు' అని అమ్ముకున్నారు. పుల్లగా ఉంది కాబట్టి స్కర్వీకి మందనుకున్నారు. పులుపున్నదల్లా విటమిన్ సి కాదు.

లెక్క, జట్టు

270 మంది ఒక దళం, అందులో 90 మంది చొప్పున మూడు గుంపులు. రేషన్ ఆ లెక్కనే పంచేవారు. ఒక తల తక్కువైతే దళం మొత్తానికి తిండి ఆపిన రోజులున్నాయి. సైన్యంలో తమ కంపెనీ (దళం) వాళ్లు, సొంత ఊరి వాళ్లు పక్కనున్నవాళ్లు ఎక్కువగా బతికారు. ఒంటరివాళ్ల దుప్పట్లు దోచుకునే 'రైడర్స్' ముఠాను పట్టి, ఖైదీలే విచారించి ఆరుగురిని 1864 జులై 11న ఉరితీశారు. శిబిరం అధికారి హెన్రీ విర్జ్‌ను యుద్ధం ముగిశాక ఉత్తరాది ప్రభుత్వం వాళ్లు వాషింగ్టన్‌లో 1865 నవంబరు 10న ఉరితీశారు.

ఇంతా చూశాక పిల్లలు దక్షిణాదే దుర్మార్గమని తేల్చేస్తారు. పక్కనే ఎల్మైరా చార్టు ఉండాలి. న్యూయార్క్ రాష్ట్రంలో ఉత్తరాది నడిపిన ఆ శిబిరంలో 12,000 మందిలో దాదాపు 3,000 మంది చనిపోయారు. ఖైదీల మార్పిడి ఒప్పందం 1862 జులైలో కుదిరింది. నల్లజాతి సైనికులను యుద్ధఖైదీలుగా చూడబోమని దక్షిణాది మొండికేయడంతో 1863లో అది చాలావరకు ఆగింది. మార్పిడి ఆగిందన్న ఆ ఒక్క మాట చెప్పకపోతే గడిలో అంత మంది ఎందుకు పోగుపడ్డారన్నది అర్థం కాదు.

బెండు కలిపిన పిండిని మూత బిగించి పెడితే వచ్చే ఏడాదికి పనికొస్తుంది. తేమ తగిలి బూజు పడితే పారేసి కొత్తగా దంచుకోండి.