పుట్టిన తేదీకి వారం కట్టే లెక్క

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో వయసు మళ్లిన వారిని పుట్టినరోజు అడిగితే తరచుగా తేదీకి బదులు "అంగడి (వారపు సంత) నాడు పుట్టిన", "రజాకార్ల గడబిడప్పుడు" అన్న సమాధానాలే వస్తాయి. కాగితాల్లో ఉన్న తేదీ ఆ మాటకు పొసగుతుందో లేదో తేల్చుకోవడానికి, ఏడుతో భాగించి శేషం చూడటం వస్తే చాలు.

సాధారణ సంవత్సరంలో 365 రోజులు, అంటే 52 వారాల మీద ఒక రోజు మిగులుతుంది. అందువల్ల ఏ తేదీ అయినా మరుసటి ఏడు ఒక రోజు ముందుకు జరుగుతుంది. నడుమ ఫిబ్రవరి 29 పడితే రెండు రోజులు జరుగుతుంది.

గణిత శాస్త్రవేత్త జాన్ కాన్వే రూపొందించిన పద్ధతికి ఆధారం ఇదే. ఏప్రిల్ 4, జూన్ 6, ఆగస్టు 8, అక్టోబర్ 10, డిసెంబర్ 12 తేదీలు ఏ ఏడాదిలోనైనా ఒకే వారం నాడు వస్తాయి, ఎందుకంటే వరుస తేదీల మధ్య ఎడం సరిగ్గా 63 రోజులు. మే 9, సెప్టెంబర్ 5, జూలై 11, నవంబర్ 7, మార్చి 7, ఫిబ్రవరి ఆఖరి రోజు కూడా ఆ వారానివే. జనవరిలో మాత్రం సాధారణ సంవత్సరానికి 3వ తేదీని, లీపు సంవత్సరానికి 4వ తేదీని తీసుకోవాలి. నెలకొక అంకె చొప్పున పట్టిక బట్టీ పట్టడం కన్నా ఇదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఈ తేదీలు ఒకసారి పట్టుబడితే మరిచిపోవడం కష్టం.

ఏ ఏట ఈ తేదీలన్నీ ఏ వారం నాడు పడతాయో కనుక్కోవడానికి సంవత్సరంలోని చివరి రెండంకెలకు వాటిలో నాలుగో వంతును (భిన్నం వదిలేసి) కలిపి, ఏడుతో భాగించి, వచ్చిన శేషాన్ని 1900లకైతే బుధవారం నుంచి, 2000లకైతే మంగళవారం నుంచి ముందుకు లెక్కించాలి. హైదరాబాద్ నిజాం కాల్పుల విరమణ ప్రకటించిన 1948 సెప్టెంబర్ 17నే చూద్దాం: 48కి 12 కలిపితే 60, శేషం 4, బుధవారం నుంచి నాలుగు రోజులు దాటితే ఆదివారం. సెప్టెంబర్ 5 ఆదివారం కనుక 12 కూడా ఆదివారమే, 17 శుక్రవారం. నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగిన 1955 డిసెంబర్ 10 శనివారమని ఇదే దారిలో తేలుతుంది. మీరే కట్టి చూడండి.

పాత క్యాలెండర్ మళ్లీ ఎప్పుడు పనికొస్తుందన్నది కూడా ఈ శేషాల లెక్కే. లీపు సంవత్సరం 28 ఏళ్లకు, దాని మరుసటి ఏడు ఆరేళ్లకు, ఆ తర్వాతి రెండూ పదకొండేళ్లకు తిరిగొస్తాయి. 2015 క్యాలెండర్ 2026కు సరిపోయింది. 2026ది 2037కు సరిపోతుంది. 2100 లీపు సంవత్సరం కాదు కాబట్టి ఆ మలుపు దాటే చోట ఈ వరుస తప్పుతుంది. అయితే కలిసేవి తేదీలూ వారాలే. చెర్వుగట్టు, కురుమూర్తి జాతరలు తిథిని అనుసరిస్తాయి కనుక వాటికి ఆ ఏటి పంచాంగమే చూడాలి.

ఇప్పుడు కాగితం దగ్గరికి వద్దాం. బడిలో చేర్చేటప్పుడు 1952 జూలై 1 అని రాయించారని, ఆ ఊరి అంగడి గురువారమని అనుకుందాం. 52కు 13 కలిపితే 65, శేషం 2, శుక్రవారం. జూలై 11 శుక్రవారం కాబట్టి 4 కూడా శుక్రవారమే, 1 మంగళవారం. అంగడి మాట నిజమైతే ఆ తేదీ ఉజ్జాయింపుగా వేసినదే. అప్పుడు ఆ చుట్టుపక్కల గురువారాలైన జూన్ 26, జూలై 3, 10 తేదీలను ముందుపెట్టి, నాట్లకు ముందా తర్వాతా అని ఇంటి పెద్దలను అడగాలి.