ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి ముందు కాలేజ్ ఆటగాడిలో ఏం చూడాలి

అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడమే డ్రాఫ్ట్. మార్చిలో జరిగే కాలేజ్ టోర్నమెంట్‌లో ఒక్క మ్యాచ్‌లో 30 పాయింట్లు కొట్టాడని ఎవరి మీదా మనసు పారేసుకోకండి. ముందు ఫ్రీ త్రో (ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్) శాతం చూడండి. త్రీ పాయింట్ లైన్, అంటే దాని బయట నుంచి బుట్టలో వేస్తే మూడు పాయింట్లు వచ్చే గీత, కాలేజ్‌లో 22 అడుగుల 1.75 అంగుళాల దూరం, ఎన్‌బీఏలో మూలల్లో తప్ప 23 అడుగుల 9 అంగుళాలు, పైగా ఒక సీజన్‌లో వేసే త్రీలు తక్కువ, అందుకే త్రీల శాతం ఒక్కటే నమ్మితే మోసపోతాం; చేతిలో షాట్ ఉందో లేదో ఫ్రీ త్రోలే ఎక్కువ చెబుతాయి.

తర్వాత వయసు. 19 ఏళ్లవాడు, 22 ఏళ్లవాడు ఒకేలా ఆడితే నేను చిన్నవాడి వైపే. కానీ వయసే సర్వస్వం కాదు, విల్లనోవా యూనివర్సిటీతో రెండు టైటిళ్లు గెలిచి, తర్వాత ఎన్‌బీఏ స్టార్ అయిన జేలెన్ బ్రన్సన్‌ని, అప్పటికి 21 ఏళ్లవాడు, 2018లో 33వ పిక్ దాకా ఎవరూ తీసుకోలేదు, అది నాకు ఇప్పటికీ బాధే!

బంతి చేతిలో లేనప్పుడు ఏం చేస్తున్నాడో హైలైట్లలో కనబడదు. పూర్తి మ్యాచ్‌లు చూడండి, ముఖ్యంగా ఓడిపోయినవి.