మే నెలలో మోచేతి దాకా చేతులు పెట్టమంటే

తెనాలిలో నాది చిన్న టైలరింగ్ షాపు. పద్దెనిమిదేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. టేపు పెట్టి కొలతలు తీసేటప్పుడు జబ్బలు, వీపు, మెడ చూసేది నేనే కాబట్టి, కొన్ని ఇళ్లల్లో ఆడవాళ్ల మీద జరిగే హింస వాళ్ల అమ్మల కంటే ముందు నాకు తెలుస్తుంది. మీరు టైలరు కాకపోయినా పక్కింటివాళ్లో, ఆడపడుచో, ఆఫీసులో పక్క సీటువాళ్లో అయ్యుంటారు. నాకు తెలిసింది మీకూ పనికొస్తుంది.

మూడేళ్ల కిందట మే నెలలో ఒకమ్మాయి వచ్చింది. ఎప్పుడూ పొట్టి చేతులే కుట్టించుకునే పిల్ల, ఈసారి మోచేతి కిందిదాకా పెట్టమంది. బయట ఎండ మాడ్చేస్తోంది. ఆది జాకెట్టు తేలేదని టేపు తీశాను. ఎడమ జబ్బ చుట్టూ తిప్పగానే ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. నాలుగు వేళ్ల అచ్చు, నీలం పోయి పచ్చబడుతోంది. ఐదు నిమిషాల్లో ఫోను మూడుసార్లు మోగింది. మూడోది వీడియో కాల్. షాపంతా తిప్పి చూపించింది, కుట్టుమిషను కిందతో సహా.

అడ్వాన్సు వంద అడిగితే, "ఆయన్ని అడిగి రేపు ఇస్తానక్కా" అంది. తనూ బట్టల కొట్లో పనిచేస్తుంది. జీతం పడే ఖాతా ఏటీఎం కార్డు మాత్రం ఆయన జేబులో.

జబ్బ మీది మచ్చ ఎంతో, ఆ వంద రూపాయలూ అంతే. 2005 గృహహింస చట్టంలో కొట్టడంతో పాటు లైంగిక హింస, మాటలతో కుళ్లబొడవడం, డబ్బు చేతికి రానివ్వకపోవడం అన్నీ ఉన్నాయి. పిల్లలు పుట్టలేదని దెప్పడం, ఒంటిమీది బంగారం తనకి చెప్పకుండా అమ్మేయడం కూడా. మనం 'సంసారంలో మామూలే' అని కొట్టిపారేసేవే చాలామటుకు.

ఇక అడగడం. అంతకుముందు ఒకావిడ విషయంలో నేనే పెద్ద తప్పు చేశాను. అత్తగారు పక్కన కూర్చుని ఉండగా "ఈ దెబ్బేంటమ్మా?" అనేశాను. "బాత్రూంలో జారిపడ్డానక్కా" అంది, ఆ తర్వాత నా షాపు మెట్టెక్కలేదు. అందుకని ఈ పిల్లని ట్రయల్‌కి ఒక్కదాన్నే రమ్మన్నాను. తెర వెనక "ఇంట్లో భయంగా ఉంటోందా?" అని మాత్రం అడిగాను. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అనొద్దు. 'ఎందుకు' అనగానే తప్పు తనదేమో అనుకుంటుంది. "కూర చల్లారిపోయింది, నాదే పొరపాటు" అంది ఆ పిల్ల. "కూర చల్లారితే వేడి చేసుకుంటారు, చెయ్యి చేసుకోరు" అన్నాను. అప్పుడు ఏడ్చింది.

విడాకులు ఇచ్చెయ్ అని వెంటనే అనకండి. మీ ఆయనో, తమ్ముడో వెళ్లి అతన్ని నిలదీస్తానంటే అస్సలు వద్దు. ఆ కోపమంతా రాత్రికి ఆమె మీదే తీరుతుంది. వాట్సాప్‌లో ఏమీ పంపకండి, ఆ ఫోను చూసేది ఆమె ఒక్కతే కాదు.

కొన్నిటికి మాత్రం ఆగకూడదు. గొంతు పిసికాడంటే, చంపేస్తానని కత్తో కిరసనాయిలో చూపించాడంటే, కడుపుతో ఉన్నప్పుడు కొట్టాడంటే ప్రాణాపాయం ఉన్నట్టే. అప్పుడు 112కి ఫోన్. గొంతు పిసికిన తర్వాత మెడ మీద మచ్చ లేకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, లోపలి వాపు కొన్ని గంటల తర్వాత కూడా తేలొచ్చు. డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పించండి. జారిపడ్డానంటే కాగితం మీద అదే పడుతుంది, రేపు కోర్టులో చూసేదీ ఆ కాగితమే.

మేం పెట్టుకున్న ఏర్పాటు ఇది. నా షాపులో ఆది జాకెట్ల కవర్లు వందుంటాయి. ఒక కవర్లో తన ఆధార్, పాస్‌బుక్, పెళ్లి ఫొటో, పిల్లాడి బర్త్ సర్టిఫికెట్, ఆసుపత్రి చీటీల జిరాక్సులు, బంగారం లిస్టు, దెబ్బల ఫొటోలు ప్రింటు తీసి పెట్టాం. ప్రతి వారం యాభయ్యో వందో దాచి ఇచ్చేది, అదీ అందులోనే. ఫోన్లో "అక్కా, ఫాల్స్ కుట్టడం అయిందా?" అంటే నేను 112కి ఫోన్ చేసి వాళ్ల అడ్రసు చెప్పాలి. ఒకసారి అడిగింది. చెప్పాను.

ఆ రాత్రి తర్వాత స్టేషనుకి వెళ్తే, "మొగుడూ పెళ్లాలన్నాక ఉంటాయి, రేపు ఆయన్ని తీసుకురా" అని పంపించేశారు. ఏ స్టేషనో చెప్పను. అలా అన్నారని ఇంటికి తిరిగి వచ్చేయకండి. 181కి ఫోన్ చేయండి, మహిళల హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ ఉంటుంది. వాళ్లు సఖి కేంద్రానికి కలుపుతారు. మేం గుంటూరు వెళ్లాం. వైద్యం, పోలీసు, లాయరు, కౌన్సెలింగ్ ఒకే చోట చూస్తారు, కొద్ది రోజులు అక్కడే ఉండనిస్తారు. లాయరు ఫీజు ఎలాగా అని టెన్షన్ పడక్కర్లేదు. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ప్రభుత్వమే ఉచితంగా లాయరుని ఇస్తుంది. 15100కి చేసినా, కోర్టు ఆవరణలోని న్యాయ సేవా కమిటీలో అడిగినా చాలు.

అందరూ అడిగే మాట: "కేసు పెడితే ఆయన జైలుకెళ్తాడా? నేను ఇంట్లోంచి బయటికి రావాలా?" రెండూ అక్కర్లేదు. గృహహింస చట్టం కింద ప్రభుత్వం పెట్టిన రక్షణాధికారి ద్వారా గానీ నేరుగా గానీ మేజిస్ట్రేటుకి అర్జీ పెట్టుకుంటే, కొట్టకూడదని, ఇంట్లోంచి గెంటకూడదని, ఖర్చులివ్వాలని ఆర్డరు ఇస్తారు. ఇల్లు ఆయన పేరు మీదున్నా సరే, అందులో ఉండే హక్కు ఆమెకుంది. అప్పటికే పుట్టింట్లో ఉంటే ఆ ఊరి కోర్టులోనే వేయొచ్చు. ఆర్డరు మీరితే ఏడాది దాకా జైలు, 20,000 దాకా జరిమానా, లేదా రెండూ. క్రిమినల్ కేసు వేరే. మొగుడో అత్తింటివాళ్లో హింసిస్తే పెట్టేది, ఇదివరకు 498ఏ అనేవాళ్లం, 2024 జులై 1 నుంచి కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. గృహహింస అర్జీని అరవై రోజుల్లో తేల్చాలని ఆ చట్టంలో రాశారు గానీ వాయిదాలు పడతాయి, ఓపిక పట్టాలి. అందుకే మొదటి రోజే, కేసు తేలేలోపు పనిచేసే మధ్యంతర ఆర్డరు అడగమని లాయరుకి గుర్తుచేయండి.

ఇది పెళ్లాలకే అనుకోకండి. పింఛను ఒకటో తారీఖున కొడుకు లాక్కుంటాడని ఒక పెద్దావిడ చెప్పింది. తల్లికీ, అక్కచెల్లెళ్లకీ ఇదే చట్టం పనిచేస్తుంది. పెద్దవాళ్లకి వేరే నంబరు కూడా ఉంది, 14567.

ఆ పిల్ల మధ్యలో రెండుసార్లు రాజీపడి వెనక్కి వెళ్లింది. నాకు ఒళ్లు మండింది, కానీ బయటపడలేదు. బయటపడితే మూడోసారి నా దగ్గరికి రాదు. మూడోసారి అర్జీ వేసింది, ఆర్డరొచ్చింది, అదే ఇంట్లో ఉంటోంది. కవరు మాత్రం ఇంకా నా షెల్ఫులోనే ఉంది. నెలకోసారి వచ్చి విప్పి, లెక్క చూసుకుని, "ఇక్కడే ఉండనీ అక్కా" అంటుంది.